సాహిత్య పరిశోధన చేస్తూ ఒపేరా రాస్తున్నాను, అనుభవం ఉన్నవారి సలహా కావాలి

నవలల్లో ఉత్తరాలు కథను నడిపే తీరు మీద పరిశోధన చేస్తున్నాను. అలాంటి ఒక నవల ఆధారంగా లిబ్రెట్టో, అంటే ఒపేరాలో పాడే పాఠం, రాయమని ఒక స్వరకర్త అడిగారు. దాన్ని నా సిద్ధాంత గ్రంథంలో భాగం చేయాలని గట్టి కోరిక.

నాయిక ఉత్తరం చింపబోయి ఆగిపోయే ఘట్టం నవలలో కొన్ని పేజీలు. పాటలో మాట సాగుతుంది కాబట్టి కొద్ది పంక్తులకు కుదించాను. చివరి మాట 'వెళ్ళు'. సోప్రానో, అంటే ఎత్తైన స్త్రీ గొంతు గల గాయని, పై స్థాయిలో ఆ ఉకారం మీద నిలిస్తే మాట తెలియదు, ఆకారంతో ముగించమంటారు స్వరకర్త. ఆయన మాట నిజమే. కానీ ఆ ఘట్టం బరువంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇలాంటప్పుడు మీరు ఎవరి పక్షం వహిస్తారు? పంక్తి మొత్తం తిరగరాస్తారా, స్వరాన్ని దించమని అడుగుతారా?

రెండోది, ఇందులో పరిశోధన ఎక్కడుందని పర్యవేక్షకులు అడుగుతున్నారు. మోజార్ట్‌కు మూడు ఒపేరాల లిబ్రెట్టోలు రాసిన డా పోంటే 1825లో న్యూయార్క్ కొలంబియా కాలేజీలో ఇటాలియన్ ఆచార్యుడయ్యారు. ఫ్రెంచి కవుల భాషపై డాక్టరేట్ చేసిన ఆస్ట్రియా కవి హాఫ్మన్‌స్టాల్, స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్‌కు లిబ్రెట్టోలు రాశారు. స్ట్రౌస్‌తో ఆయన జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు చదివితే ప్రతి మార్పు వెనుకా ఒక విమర్శకుడు కనిపిస్తాడు. నా చిత్తుప్రతులనూ అలాగే ఆధారాలుగా చూపవచ్చా? సృజన, పరిశోధన కలిపి డాక్టరేట్ చేసినవారు వ్యాఖ్యాన భాగాన్ని ఎలా నడిపారు? మౌఖిక పరీక్షలో సంగీతం గురించి ఎంత లోతుగా అడిగారు?