నాన్నను అడ్మిట్ చేయకుండా ఓపీలోనే మందు మాన్పించవచ్చా?

వరంగల్_అమ్మాయి
నాన్నకు 54 ఏళ్లు. రోజూ క్వార్టర్, ఆదివారమైతే హాఫ్. మానేస్తానని ఈ మధ్య తనే అంటున్నారు. కానీ డీఅడిక్షన్ సెంటర్ మాట ఎత్తితే ససేమిరా అంటున్నారు. ఇంటి దగ్గరే ఉండి మానినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.

మెకానిక్_అన్న
నేను అట్లానే మానాను చెల్లెమ్మా, మూడేళ్లయింది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీకి వెళ్లాను. పిచ్చాసుపత్రికి పోతావా అని మా అమ్మ ఏడ్చింది. అప్పట్లో పొద్దున టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే తప్ప ఒలికిపోయేది. డాక్టరు చేతులు చాపమని, వేళ్ల వణుకు చూసి మాత్రలు రాశారు. రోజురోజుకూ డోసు తగ్గిస్తూ పోవాలి, దాంతోపాటు బి1 విటమిన్. మాత్రల డబ్బా మా ఆవిడ దగ్గరే ఉండేది. ఆ తర్వాత నన్ను నిలబెట్టింది మాత్రం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే బృందం) మీటింగులే. ఇప్పటికీ వెళ్తాను.

నైట్‌డ్యూటీ_నర్స్
డాక్టరుకు చూపించకుండా ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్యలో లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం ఉంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? లివర్ ఎలా ఉంది? వీటిని బట్టే ఓపీయా, అడ్మిషనా అని చెప్తారు.

పాలమూరు_1988
కల్లు కూడా తాగుతారేమో అడగండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. మా మామ కల్లే కదా అని డాక్టరుకు చెప్పనే లేదు. మానిన మూడో రోజు నిద్ర లేదు, గోడలతో మాట్లాడుతున్నాడు.

కాకినాడ_కోడలు
ఎవరేం చెప్పినా కూరలో డైసల్ఫిరాం మాత్ర (ఇది వేసుకున్నాక మందు తాగితే ఒంటికి పడదు) మాత్రం కలపొద్దు. మా ఇంట్లో ఎవరో చెప్పారని అలాగే కలిపారు. ఆయనకు తెలియక తాగేసరికి మొహం కందగడ్డ అయిపోయి, గుండె దడతో అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం. ఆ మాత్ర మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సింది. దగ్గర్లో ఎక్కడ చూపించాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

వరంగల్_అమ్మాయి
అందరికీ థాంక్స్. ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. కల్లు ముట్టరట. ఫిట్స్ దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు మాట్లాడలేదు. కరోనా లాక్‌డౌన్‌లో మందు దొరకనప్పుడు బాత్రూంలో ఒకసారి పడిపోయారట. కాలు జారిందని మాకు చెప్పారు. సోమవారం ఓపీకి వెళ్తున్నాం, ముందు ఆ సంగతే చెప్తాం. అడ్మిట్ కావాలంటే అవుతానన్నారు, నేను పక్కన ఉంటే.