డిస్క్ గోల్ఫ్ లీగ్‌లో చేరాలా, ఆదివారం సరదా ఆటే నయమా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

పాలకొల్లు_పుట్టర్ (షార్లెట్)
అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఆఫీసు స్నేహితులతో కిల్‌బోర్న్, రీడీ క్రీక్ కోర్సులు తిరగడం నాకు అలవాటు. ఫ్రిస్బీ లాంటి డిస్క్‌ని విసిరి, వీలైనంత తక్కువ త్రోల్లో చైన్ల బాస్కెట్‌లో వేసే ఆట. స్కోరు రాస్తాం గానీ సగం ఆట అయ్యేసరికి ఎవరికి ఎంతో ఎవరికీ తెలియదు. మొన్న ఒక ఫ్రెండ్ బలవంతం మీద సాయంత్రం లీగ్‌కి వెళ్ళాను. ఎంట్రీ 5 డాలర్లు, ఏస్ పాట్‌కి (ఒక్క త్రోలోనే బాస్కెట్‌లో వేసినవాళ్ళకి దక్కే డబ్బు) ఇంకో డాలరు. బాస్కెట్‌కి నాలుగడుగుల దూరంలో పుట్ (బాస్కెట్‌లోకి వేసే చివరి త్రో) వేసి, ఆ ఊపులోనే డిస్క్ తీసుకుందామని ముందుకు నడిచాను. మా కార్డ్‌లో (కలిసి ఆడే గుంపులో) ఒకాయన "ఫుట్ ఫాల్ట్" అన్నాడు. ఇంకొకాయన తలూపాడు. ఒక పెనాల్టీ త్రో! ఆ తర్వాత చెయ్యి నా మాట వినడం మానేసింది.

నా ప్రశ్నలు మూడు. పోటీలో ఆడితే ఆట బాగుపడుతుందా, ఉన్న సరదా కూడా పోతుందా? రేటింగ్ (ఆటతీరుకి ఇచ్చే పాయింట్లు) వచ్చే టోర్నమెంట్‌కి వెళ్తే ఏ డివిజన్‌లో పేరివ్వాలి? మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడికి ఏ డిస్క్ కొనాలి?

చైన్స్_చంటి (ప్లేనో)
బ్రదర్, టోర్నమెంట్ జోలికి పోకండి. 50 డాలర్లు కట్టి శనివారమంతా ధారపోశాను. టెక్సస్ ఎండలో రెండు రౌండ్లు. ఒక్కో కార్డ్‌కి ఐదుగురు, ప్రతి టీ ప్యాడ్ (మొదటి త్రో వేసే చోటు) దగ్గరా మన ముందు రెండు కార్డులు కూర్చుని ఉంటాయి. ఆడింది తక్కువ, నిలబడింది ఎక్కువ. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ చుట్టాల ఫంక్షన్‌కి రెడీ అయి సోఫాలో కూర్చుంది. ఆ చూపు ముందు పెనాల్టీ త్రో ఏపాటిది!

రేటింగ్_రాజు (రాలీ)
నేను ఎంఏ40లో (నలభై నిండిన అమెచ్యూర్ల డివిజన్) ఆడతాను, రేటింగ్ 931, కాబట్టి కొంచెం తెలిసే చెబుతున్నాను. మీ విషయంలో ఫుట్ ఫాల్ట్ కాల్ నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. 10 మీటర్ల లోపల పుట్ వేస్తే, డిస్క్ వదిలాక మార్కర్ (డిస్క్ పడిన చోట పెట్టే గుర్తు) వెనకే బ్యాలెన్స్ చూపించాలి. ఆ తర్వాతే ముందుకు అడుగు వేయాలి. నాలుగడుగులైనా, నాలుగంగుళాలైనా అదే రూల్. ఒకరు కాల్ చేయాలి, కార్డ్‌లో ఇంకొకరు బలపరచాలి. రెండూ జరిగాయి. ఇందులో బాధపడాల్సింది ఏముంది?

ప్రాక్టీస్ ఇలా చేయండి. పుట్ వదిలాక చెయ్యి చాచినది చాచినట్టే ఉంచండి. వెనక కాలు నేలకి ఆనించి, చైన్ల చప్పుడు ఆగేదాకా కదలకండి. ఆ తర్వాతే నడవండి. టాప్-ఇన్‌కి (బాస్కెట్ పక్కనే నిలబడి వేసేదానికి) కూడా ఇదే చేస్తే నెలలో అలవాటైపోతుంది.

బోగీ_బాబాయ్ (ఫ్రీమాంట్)
రాజుగారూ, ఐదు డాలర్ల లీగ్‌లో, చీకటి పడే వేళ, నాలుగడుగుల పుట్‌కి, అదీ మొదటిసారి వచ్చినవాడి మీద! రూల్ పుస్తకం బట్టీ పట్టినవాళ్ళకి ఇంత జాలి కూడా ఉండదా? "బాబూ, ఇకమీదట ఆగి నడువు" అంటే సరిపోయేది కదా.

రేటింగ్_రాజు
జాలి వేరు, స్కోరు వేరు. ఆ కార్డ్‌లో మిగతా ముగ్గురూ డబ్బు కట్టి వచ్చారు. ఒకరికి చూసీ చూడనట్టు వదిలేసి, రేపు ఇంకొకరు తొమ్మిది మీటర్ల నుంచి పుట్ వేస్తూ మార్కర్ దాటి పడితే అప్పుడు ఏ ముఖంతో ఫాల్ట్ కాల్ చేస్తారు? 10 మీటర్లు దాటితే వదిలాక ముందుకు పడినా ఇబ్బంది లేదు. లోపలైతే కుదరదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి.

బోగీ_బాబాయ్
గీత గీసింది ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం. మా డెలావేగా కోర్సులో ఆదివారం వచ్చే ముసలాళ్ళు ఒకరి బ్యాలెన్స్ ఒకరు చూసుకుంటే సగం మంది ఇంటికి పోవాల్సిందే.

హనుమకొండ_హైజర్ (ఆస్టిన్)
అన్నా, మనోళ్ళు ఎక్కడికి పోయినా ముందు లీగ్ పెడతరు, తర్వాత అంపైర్‌తో లొల్లి పెట్టుకుంటరు 😀 మా టేప్ బాల్ క్రికెట్‌లో నోబాల్ దగ్గర మొదలైన పంచాయితీ బిర్యానీ దాకా వచ్చి ఆగింది. డిస్క్ గోల్ఫ్‌లో అంపైరే లేడని సంతోషపడి వచ్చిన, ఇక్కడ కార్డ్‌లో నలుగురూ అంపైర్లే!

నా మాట అడిగితే లీగ్ మంచిదే. సరదాగా ఆడినన్ని రోజులు ఓబీ (హద్దు బయటికి) పోతే "ఇంకోటి ఏస్తా" అని ఏసుకున్న. లీగ్‌కి పోయినంక నీళ్ళ పక్కన హోల్ వస్తే పెద్ద డ్రైవర్ (దూరం పోయే డిస్క్) పక్కన పెట్టి మిడ్‌రేంజ్ (మధ్య దూరం డిస్క్) తీసుడు నేర్చుకున్న. ఒక్క త్రో లెక్కలోకి వస్తదంటే బుర్ర పనిచేస్తది.

మిడ్‌రేంజ్_అక్క (అట్లాంటా)
ఫుట్ ఫాల్ట్ గొడవలో మునిగిపోయి ఆయన అడిగింది ఎవరూ పట్టించుకోవట్లేదు. నేను ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని సరదాగానే మొదలుపెట్టాను. పబ్లిక్ కోర్సుల్లో మగవాళ్ళ గుంపు వెనకాల నిలబడి "మీరు ముందు వెళ్ళండి" అనడం, వాళ్ళు దారిలో నాకు ఫోర్‌హ్యాండ్ నేర్పడం, ఇదే తంతు. అడక్కుండా నేర్పేవాళ్ళు ఈ ఆటలో ఎంతమందో! మహిళల డివిజన్‌లో పేరిచ్చాక ఆ గోల వదిలింది. కార్డ్‌లో ఎవరి డిస్క్ వాళ్ళు వేస్తారు, ఎవరి స్కోరు వాళ్ళకి బరువు. మొదటి టోర్నమెంట్‌లో మా డివిజన్‌కి వచ్చిందే ఇద్దరం, ట్రోఫీ నాకే. ఎవరైనా అడిగితే "ఫస్ట్ వచ్చాను" అని మాత్రమే చెబుతాను.

చైన్స్_చంటి
అక్కా, కంగ్రాట్స్. ట్రోఫీతో పాటు ఏమిచ్చారు?

మిడ్‌రేంజ్_అక్క
స్టోర్ క్రెడిట్. దాంతో ఇంకో మూడు డిస్కులు. ఇంట్లో ఇప్పటికే గ్యారేజ్ నిండా ఉన్నాయి.

చైన్స్_చంటి
అదే నా బాధ. అమెచ్యూర్ అన్నాక డబ్బు ఇవ్వరు, ప్లాస్టిక్ ఇస్తారు. మనం 50 కట్టి, గెలిస్తే 60 డాలర్ల ప్లాస్టిక్. పాల్ మెక్‌బెత్‌కేమో 2021లో డిస్క్ కంపెనీ డిస్‌క్రాఫ్ట్‌తో పదేళ్ళకి కోటి డాలర్ల ఒప్పందం!

రేటింగ్_రాజు
ఆయన అప్పటికే నాలుగు వరుస టైటిళ్ళతో కలిపి ఐదుసార్లు ప్రపంచ చాంపియన్. 2022లో ఆరోది. మీరు?

చైన్స్_చంటి
నేను? నేను చుట్టాల ఫంక్షన్‌కి లేటుగా వెళ్ళడంలో చాంపియన్.

ఫ్లిక్_భయ్యా (షార్లెట్)
పాలకొల్లు గారూ, మీరు వెళ్ళిన లీగ్ ఏదో అర్థమైంది. పేరు చెప్పను. అక్కడ ఫుట్ ఫాల్ట్ కంటే పెద్ద జబ్బు బ్యాగర్లు, అంటే పై డివిజన్ ఆట ఉన్నా కింది డివిజన్‌లోనే ఆడేవాళ్ళు. రిక్రియేషనల్, అదే ఎంఏ3కి రేటింగ్ 900 లోపు ఉండాలి. కొందరి రేటింగ్ ఎప్పుడు చూసినా 890ల్లోనే తిరుగుతుంది, 900 గడప మాత్రం దాటదు. ఫైనల్ రౌండ్‌లో మాత్రం చెట్ల మధ్య నుంచి దారం ఎక్కించినట్టు వేస్తారు. రేటింగ్ పెరిగితే పై డివిజన్ ఎంఏ2కి పోవాలి, అక్కడ ట్రోఫీ రాదు. అందుకని పెద్ద టోర్నమెంట్లలో అలసిపోతారు, చిన్నవాటిలో విజృంభిస్తారు.

రేటింగ్_రాజు
ఇలాంటి నిందలు వేసేముందు లెక్క చూసుకోవాలి. రేటింగ్ అంటే చాలా రౌండ్ల సగటు. మామూలు కోర్సులో ఒక్క త్రో తేడా అంటే దాదాపు 10 పాయింట్లు. ఎవరికైనా ఒక రౌండ్ బాగా కుదిరితే బ్యాగర్ అనేయడం అసూయ.

ఫ్లిక్_భయ్యా
నేను మీ పేరు ఎత్తలేదే. భుజాలు ఎందుకు తడుముకుంటున్నారు?

రేటింగ్_రాజు
నేను వయసు డివిజన్‌లో ఆడతాను! దానికి రేటింగ్ పరిమితే లేదు. కనీసం అదైనా తెలుసుకుని మాట్లాడండి. నలభై దాటాక మోచేతికి పట్టీ కట్టుకుని ఆడేవాడి గురించి కీబోర్డ్ ముందు కూర్చుని…

మోడరేటర్
ఇద్దరూ ఆగండి. వ్యక్తిగతంగా వెళ్తే థ్రెడ్ మూసేస్తాను. పాలకొల్లు_పుట్టర్ గారికి జవాబు: మొదటిసారి అయితే ఎంఏ4, అంటే నోవిస్. 850 లోపువాళ్ళకి. భయం లేకుండా ఇవ్వండి.

గచ్చిబౌలి_గాలిపటం (హైదరాబాద్)
మీకు బాస్కెట్లు ఉన్నాయి, కోర్సులు ఉన్నాయి, దెబ్బలాడుకోవడానికి లీగ్ కూడా ఉంది. మేం ఇక్కడ అల్టిమేట్ ఫ్రిస్బీ అయ్యాక గ్రౌండ్ చివర వేపచెట్టుకి గురిపెట్టి వేస్తాం. మొదలుకి తగిలితే లోపల పడ్డట్టు. కొమ్మకి తగిలితే గొడవ.

బోగీ_బాబాయ్
తమ్ముడూ, అసలు ఆట మొదలైందే అలా. 1975లో కాలిఫోర్నియా ఓక్ గ్రోవ్ పార్క్‌లో ఎడ్ హెడ్రిక్ మొదటి శాశ్వత కోర్సు పెట్టినప్పుడు బాస్కెట్లు లేవు, స్తంభాలే. తగిలిందా లేదా అన్న వాదన తెగక, తర్వాత చైన్ల బాస్కెట్ తయారుచేశారని చెబుతారు. ఆ మహానుభావుడు 2002లో పోయాక అస్థికల బూడిద కలిపి డిస్కులు పోయించారు. అదీ ఆట మీద ప్రేమ! ఆయన కనిపెట్టిన చైన్ల ముందు నిలబడి మనం కాలి బొటనవేలు ఎక్కడుందో చూసుకుంటున్నాం.

రేటింగ్_రాజు
1976లో పీడీజీఏ (డిస్క్ గోల్ఫ్ ఆటగాళ్ళ సంఘం) పుట్టింది కూడా ఆయన వల్లే. అంటే మీ "సరదా" హెడ్రికే పోటీలకి సంఘం పెట్టాడు. ఆ ముక్క మింగేశారేం?

బోగీ_బాబాయ్
…ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగడుగుల పుట్ దగ్గర మాత్రం ఒప్పుకోను.

హనుమకొండ_హైజర్
2021 వరల్డ్స్ (ప్రపంచ చాంపియన్‌షిప్) ఆఖరి హోల్ చూసిన్రా ఎవరైనా? ఆగ్డెన్‌లో జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల నుంచి డైరెక్ట్‌గా బాస్కెట్‌లో ఏసి మెక్‌బెత్‌ని ప్లేఆఫ్‌కి గుంజిండు, టైటిల్ కూడా కొట్టిండు. అదే త్రో మన ఆదివారం రౌండ్‌లో పడితే? "లక్ రా నీది" అని నవ్వుకుంట తర్వాతి టీకి పోతం. అంతే తేడా. నాకైతే ఆ తేడా కావాలె.

చైన్స్_చంటి
నాకు ఆ నవ్వుకుంటూ పోవడమే కావాలి.

ఫ్లిక్_భయ్యా
షార్లెట్‌లో ఉంటే అక్టోబర్‌లో రాక్ హిల్ వెళ్ళండి, విన్‌థ్రాప్ యూనివర్సిటీలో యూఎస్‌డీజీసీ (అమెరికా డిస్క్ గోల్ఫ్ చాంపియన్‌షిప్). మనకి గంటలోపే. పసుపు తాళ్ళు కట్టి ఓబీ గీస్తారు. 17వ హోల్ గ్రీన్ చుట్టూ గడ్డి మోపులు పేరుస్తారు, చిన్న త్రోనే, ప్రపంచ స్థాయి వాళ్ళకి కూడా అక్కడ చేతులు వణుకుతాయి. అది చూశాక మీ ఫుట్ ఫాల్ట్ బెంగ పోతుంది. అన్నట్టు, రెనైసాన్స్ పార్క్‌లో నా ఆరెంజ్ బజ్ డిస్క్ పోయింది, వెనక పేరు, నంబర్ ఉన్నాయి. దొరికితే మెసేజ్ పెట్టండి.

చైన్స్_చంటి
డిస్క్ మీద నంబర్ రాయకండి బాబూ. రాసినప్పటి నుంచి నాకు కార్ వారంటీ కాల్స్ ఆగట్లేదు.

మిడ్‌రేంజ్_అక్క
దానికీ దీనికీ సంబంధం ఏమిటండీ? నంబర్ రాయబట్టే నా లెపర్డ్ డిస్క్ రెండుసార్లు ఇంటికొచ్చింది. దొరికిన డిస్క్ సంచిలో వేసుకుని నంబర్ ఉన్నా ఫోన్ చేయనివాళ్ళని అనండి ఏమైనా. మా కోర్సు చెరువులో దిగి డిస్కులు ఏరి, వాటినే మనకి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు.

పాలకొల్లు_పుట్టర్
అందరికీ థాంక్స్. ఈ వారం మళ్ళీ లీగ్‌కి వెళ్ళాను. రాజుగారు చెప్పినట్టు చైన్లు ఆగేదాకా నిలబడ్డాను. మొన్న కాల్ చేసినాయనే ఈసారి నా మార్కర్ వెతికి తెచ్చిచ్చాడు, చివర్లో "ఆదివారం మీతో ఆడొచ్చా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక సరేనన్నాను. మావాళ్ళు నన్ను తిడుతున్నారు.

అబ్బాయి డిస్క్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మిడ్‌రేంజ్_అక్క
తొమ్మిదేళ్ళకి 150 గ్రాముల లోపు ఉన్నది, స్పీడ్ తక్కువది చాలు. లెపర్డ్ అయితే స్పీడ్ 6, చిన్న చేతికి కూడా కాస్త గ్లైడ్ (గాల్లో తేలడం) వస్తుంది. ఒక తేలికైన పుట్టర్ కూడా. డిస్ట్రాయర్ మాత్రం ఇవ్వకండి, స్పీడ్ 12. ఎంత విసిరినా ఎడమకి తిరిగి పడిపోతుంది, వాడు ఏడుస్తాడు.

ఫ్లిక్_భయ్యా
ఎడమచేతివాటం పిల్లాడైతే కుడికి.

రేటింగ్_రాజు
పిల్లలకి పుట్టర్ తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు. మా అమ్మాయికి ఏడాదిపాటు అదొక్కటే ఇచ్చాను. ఇప్పుడు నాకంటే తిన్నగా వేస్తుంది. తన చిన్నప్పటి తేలిక డిస్కులు రెండు నా దగ్గరే ఉన్నాయి. ఒక్కోటి 5 డాలర్లు, పోస్టేజీ మీదే.

బోగీ_బాబాయ్
ఫుట్ ఫాల్ట్ రూల్ పుస్తకం ఉచితమా, దానికి వేరే కట్టాలా?