ఇంజురీ అంటే గాయమేనా?

ఇంజురీకి తెలుగులో గాయం అని రాస్తే సరిపోదా అని అడిగారు. ఆస్పత్రి చీటీలో సరిపోతుంది. కోర్టు కాగితంలో రాస్తే మాత్రం అర్థం చెడిపోతుంది.

మన తిరుపతిలో హర్ట్ అనే మాట మనసుకే వాడతాం. "పెండ్లికి సరిగ్గా పిలవలేదని మా చిన్నాయన హర్ట్ అయినాడప్పా" అంటారు. ఇంజురీ మాత్రం ఒంటికి. అలిపిరి మెట్ల మీద కాలు మడతపడితే ఇంజురీ, క్రికెట్‌లో భుజం పట్టేస్తే ఇంజురీ. చట్టంలో ఈ రెండూ తలకిందులయ్యాయి.

1860 నాటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 44వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి శరీరానికి గానీ, మనసుకు గానీ, పేరుకు గానీ, ఆస్తికి గానీ చట్టవిరుద్ధంగా కలిగించిన ఏ హాని అయినా ఇంజురీయే. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే నిర్వచనం ఉంది. హర్ట్ అంటే ఒంటి నొప్పి, జబ్బు, అశక్తత, అంతే. కాబట్టి చిన్నాయన అలక చట్టం చెప్పే హర్ట్ కిందికి రాదు. జుట్టు పట్టుకుని ఈడిస్తే వస్తుంది, రక్తపు చుక్క కారకపోయినా.

అందుకే హర్ట్‌ను కూడా గాయం అనలేం. దెబ్బలు చూసి డాక్టరు ఇచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో సింపుల్ (మామూలు), గ్రీవియస్ (తీవ్రమైన) హర్ట్ అని రాస్తారు చూడండి, చాలామంది దాన్ని రక్తాన్ని బట్టి లెక్కేసుకుంటారు. తల పగిలి కుట్లు పడ్డా, ఎముక బాగుండి ప్రాణభయం లేకపోతే అది సింపుల్ కావచ్చు. పైకి ఏమీ కనబడకపోయినా పన్ను విరిగితే గ్రీవియస్. పాత చట్టంలో ఇరవై రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడితే గ్రీవియస్ అనేవారు, కొత్త చట్టంలో దాన్ని పదిహేను రోజులకు తగ్గించారు.

ఇంకో చిక్కు. పలమనేరు వైపు ఏనుగులు దిగి మామిడి కొమ్మలు విరిచేస్తే అది నష్టం. ఏనుగు చట్టాన్ని మీరిందని ఎవరూ అనరు కాబట్టి అది ఇంజురీ కాదు. అదే పక్క చేనాయన పగబట్టి రాత్రిపూట డ్రిప్ పైపులు కోసేస్తే ఇంజురీ. ఆ పనికి చట్టం పెట్టిన పేరు మిస్చిఫ్. బడిలో దానికి అల్లరి అని నేర్చుకున్నాం! మోటారు తగలబెట్టినవాడిని అల్లరి చేశాడని రాస్తే జడ్జిగారికీ నవ్వొస్తుంది.

అసలు ఇంజురీ లాటిన్ నుంచి వచ్చింది. ముందున్న 'ఇన్' కాదు అని చెబుతుంది, తర్వాతి ముక్క న్యాయం, హక్కు అనే అర్థం ఇచ్చే మాట. రెండూ కలిపితే అచ్చంగా మన అన్యాయమే. "నాకు అన్యాయం చేసినాడు సామీ" అని చిత్తూరు రైతు అనే మాటలో శరీరం, ఆస్తి, పరువు అన్నీ ఇమిడిపోతాయి. అయినా నిర్వచనం తెలుగులో పెట్టాల్సివస్తే నేను హాని అనే రాస్తాను. అన్యాయం అంటే చేసిన పని మీదికే దృష్టి పోతుంది, అవతలివాడికి ఏం జరిగిందో చెప్పినట్టు ఉండదు. కీడు అంటే మరీ దోషాలూ శాంతులూ గుర్తొస్తాయి.

స్థలం తగాదాల్లో ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమని కోర్టు ఉత్తర్వు, అడిగేటప్పుడు ఇర్రిపేరబుల్ ఇంజురీ అని ఒక మాట రాస్తారు. తర్వాత డబ్బు కట్టించినా సరిచేయలేనిది అని దాని భావం. దాన్ని మానని గాయం అని అనువదిస్తే, గోడ తగాదాకి వచ్చినాయన "నన్ను ఎవురూ కొట్టలేదే" అంటాడు. తీరని నష్టం అని రాయండి, ఎవరికైనా అర్థమవుతుంది.