వాన పడ్డాక బోరు నీళ్ళలో నైట్రేట్ పెరగడమేంటి? వైట్‌ఫీల్డ్, బెంగళూరు

సంపు_కాపలా:
మాది 900 అడుగుల బోరు, 6.5 అంగుళాలది. ఏప్రిల్ ఆఖర్లో పరీక్ష చేయిస్తే టీడీఎస్ (కరిగిన లవణాలు) 980, నైట్రేట్ 41, ఈ.కోలి (మలంతో వచ్చే బాక్టీరియా) లేదు. అంకెలన్నీ లీటరుకు మి.గ్రా.ల్లో. మే నెలలో రెండు జోరువానలు పడ్డాక టీడీఎస్ 640కి దిగింది గానీ నైట్రేట్ 74 అయింది, ఈ.కోలి కూడా ఉంది. కొత్త నీళ్ళు చేరితే బాగుపడాలి కదా? కమిటీలో ఒకాయన బ్లీచింగ్ వేస్తే చాలంటున్నారు, ఇంకొకరు ఆర్వో ప్లాంటు అంటున్నారు. నిరుడు టెర్రస్ నీళ్ళని నేరుగా బోరులోకి దింపాం, కారణం అదేనా? రోడ్డవతల మూసేసిన పెట్రోలు బంకు కూడా ఉంది.

రాతిపగులు:
టీడీఎస్ తగ్గి నైట్రేట్ పెరిగిందంటే మీ బోరులోకి పైనుంచి, ఈమధ్యే, వడకట్టుకోకుండా నీళ్ళు దిగుతున్నాయని. ఎండాకాలమంతా కారే డ్రైనేజీ పైపులు, సోక్ పిట్‌ల (మురుగు ఇంకే గుంతల) నుంచి వచ్చిన నైట్రేట్ మట్టిలో పేరుకుంటుంది. నీటిమట్టం కిందికి పోయేకొద్దీ ఈ ఎండు మట్టి మందం పెరుగుతుంది. తొలి జోరువాన దాన్నంతా ఒక్కసారిగా కడిగి కిందికి తోస్తుంది. ఇక్కడ పైన మెత్తబడ్డ రాయి, కింద గట్టి రాయి. ఆ గట్టి రాయి పగుళ్ళలో పడ్డ నీటిని వడకట్టేదేమీ ఉండదు.

ఇది ఏటేటా ముదరడానికి కారణం ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. పడితే కుండపోత, లేకపోతే ఎండు. 2022 సెప్టెంబరులో మునిగిన మన మహదేవపుర వైపే 2024 మార్చిలో ట్యాంకర్ల కోసం పడిగాపులు. ఏడాదికోసారి పరీక్ష ఈ ఊగిసలాటను పట్టుకోలేదు. తొలి వానకు ముందొకటి, పెద్ద వాన పడ్డ వారంలోపు ఒకటి, నవంబరులో ఒకటి చేయించండి.

తాగునీటికి నైట్రేట్ హద్దు లీటరుకు 45 మి.గ్రా., దానికి సడలింపు లేదు. కాచితే నీరు ఆవిరై గాఢత ఇంకా పెరుగుతుంది. ఆ నీళ్ళతో పసిపిల్లలకు పాలు కలపొద్దు.

కేసింగ్_పైపు:
టెర్రస్ పైపు ముందు బోరు నుంచి తీసేయండి, మిగతావన్నీ తర్వాత. ఇసుక, కంకర ఫిల్టరు చెత్తను ఆపుతుంది, పావురాల రెట్టలోని బాక్టీరియాను ఆపదు. ఆ నీటిని బోరుకు దూరంగా 3 అడుగుల వ్యాసం, 20 అడుగుల లోతు రింగుల బావిలోకి పంపండి, మట్టి గుండా దిగనివ్వండి. ప్రతి వానలో మొదటి 2 మి.మీ. పారబోయాలి. 400 చదరపు మీటర్ల టెర్రస్ అయితే అది 800 లీటర్లు.

తర్వాత మోటారు పైకి తీయించి, వాన పడ్డ మర్నాడు కెమెరా దింపించండి. కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) చివర రాతిగోడ మీదుగా నీళ్ళు ధారగా జారుతుంటే, కేసింగ్ చుట్టూ సందును సిమెంటుతో మూయలేదన్నమాట. చాలాచోట్ల అక్కడ మట్టి పూడ్చి వదిలేస్తారు. ఆ సందును బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) కలిపిన సిమెంటుతో నింపించాలి. కేసింగ్ తలను వరదమట్టం కంటే ఒకటిన్నర అడుగు పైకి తెచ్చి, మూత బిగించి, చుట్టూ బయటికి వాలుగా గచ్చు వేయించండి.

అప్పుడు బ్లీచింగ్. ఈ బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్లు. మీ నీటిమట్టం 600 అడుగుల దగ్గరుంటే మిగిలిన 300 అడుగుల్లో 1950 లీటర్లు. లీటరుకు 50 మి.గ్రా. క్లోరిన్ కావాలంటే 25 శాతం పౌడరు దాదాపు 390 గ్రాములు. ఎప్పుడో తెరిచిన సంచీ అయితే సత్తువ ఉండదు, కొత్తది కొనండి. ప్లాస్టిక్ బకెట్లో కలిపి, తేరాక పైనీళ్ళే పోయండి, అడుగు సున్నం బోరులో పడకూడదు. మోటారు నీళ్ళను గొట్టంతో తిరిగి బోరులోకే తిప్పుతూ క్లోరిన్ వాసన వచ్చేదాకా ఆడించి, 12 గంటలు వదిలేయండి. ఆ నీళ్ళు ఎస్టీపీలోకి (మురుగునీటి శుద్ధి ప్లాంటులోకి) వదిలితే దానిలోని బాక్టీరియా చచ్చిపోతుంది, జాగ్రత్త. వారం తర్వాత మళ్ళీ పరీక్ష. ఈ.కోలి తిరిగొస్తే కారే చోటు ఇంకా మూసుకోలేదని.

పీపీఎం:
బ్లీచింగ్‌తో నైట్రేట్ పోదు, నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్‌తోనూ పోదు. ఆర్వో చాలావరకు తీస్తుంది గానీ మొత్తం బోరుకి పెడితే తోడిన దాంట్లో పెద్ద వాటా కాలువపాలు. వంటింటి కొళాయికే చాలు. లేదంటే కలపండి: కావేరి నీళ్ళలో నైట్రేట్ 5 ఉంటే సగం సగానికి 39.5 వస్తుంది. ఈ.కోలి పూర్తిగా పోయాకే ఆ పని.

ఇక బంకు సంగతి. లీకైన పెట్రోలు నీటిమట్టం మీద తేలుతూ, మట్టంతో పాటే దిగుతుంది, ఎక్కుతుంది. ఎక్కినప్పుడు కొంత మట్టిరేణువుల మధ్య నీటి కింద చిక్కుకుపోతుంది. వానాకాలంలో పరిశీలన బావిలో పెట్రోలు పొర కనపడక ‘శుద్ధి అయిపోయింది’ అనేస్తారు, మే నెలకల్లా మళ్ళీ తేలుతుంది. మట్టం ఊగే పట్టీ ఇప్పుడు వెడల్పయ్యేకొద్దీ పెట్రోలు పులుముకునే మట్టి కూడా పెరుగుతోంది. పాత మట్టాల లెక్కతో వేసిన శుద్ధి బావుల (కలుషిత నీటిని తోడే బావుల) జల్లెడ పైపులు కరువులో గాల్లో తేలతాయి, పంపు ఉత్తిగా తిరుగుతుంది. కనిష్ఠ మట్టంలో తీసిన కొలత చూడకుండా ఎవరి సర్టిఫికెట్టూ నమ్మకండి.

మీ బోరులో బెంజీన్ (పెట్రోలులో ఉండే విషపదార్థం) ఉందో లేదో టీడీఎస్ మీటరుకు తెలియదు, ముక్కుకూ నమ్మకంగా తెలియదు. ల్యాబు ఇచ్చిన గాజు సీసాలో గాలిబుడగ మిగలకుండా నింపి, మూత బిగించి, ఐసులో పెట్టి పంపాలి. తలకిందులు చేసినప్పుడు బుడగ కనిపిస్తే ఆ నమూనా పారబోసి మళ్ళీ పట్టండి. బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 0.01 మి.గ్రా.