దేవుని స్వరూపం బుద్ధిలోనే ఉంటే, మతిమరుపు ముదిరినవారి మాటేమిటి?

పెద్దల బైబిల్ క్లాసుకు ఆదికాండము 1:26-27 (దేవుడు మనిషిని తన స్వరూపమందు, తన పోలిక చొప్పున చేశాడనే వచనాలు) మీద పాఠం తయారవుతోంది. ఒక ముడి దగ్గర ఆగింది, తెలిసినవాళ్లు విప్పగలరా?

‘స్వరూపం’ అంటే తర్కించే బుద్ధి అన్నారనుకోండి, కన్నబిడ్డల పేర్లే మరచిపోయిన డిమెన్షియా రోగి, పుట్టుకతోనే మెదడు ఎదగని పసివాడు లెక్కలోంచి జారిపోతారు. పోనీ, 1:28లో మనిషికి జీవులన్నిటి మీద ఇచ్చిన ఏలుబడే స్వరూపం అంటే? మంచం దిగలేనివాడు దేన్ని ఏలతాడు? దేవునితో సంబంధమే స్వరూపం అనే మాట కొంత నయం. కానీ ఆ సంబంధం మన స్పందన మీద నిలిచిందంటే మళ్లీ మొదటికే వస్తాం.

అందుకే ఆదికాండము 9:6 గట్టి ఆధారంగా తోస్తోంది. ఆదాము హవ్వల పతనం తర్వాత, జలప్రళయం కూడా అయ్యాక, హత్య నిషేధానికి కారణం అదే స్వరూపం. సామర్థ్యం ఊసే లేదు. యాకోబు 3:9 శాపనార్థాలకు కూడా ఇదే హద్దు పెడుతుంది.

చిక్కల్లా హీబ్రూ విభక్తితోనే. 1:26లో స్వరూపం అనే మాట ముందు చేరిన ‘బె’ని (మామూలుగా ‘లో, అందు’ అని అర్థం) ‘స్వరూపమందు’ అనకుండా ‘స్వరూపముగా’ అని చదివితే స్వరూపం మనిషిలోని ఒక భాగం కాదు, మొత్తం మనిషే. వాదన చక్కగా కుదురుతుంది. అయితే 5:3లో ఆదాము కొడుకు షేతు గురించి చెప్పేటప్పుడు ‘బె’, ‘కె’ (1:26లో పోలిక ముందున్నది; ‘వలె, చొప్పున’ అని అర్థం) తారుమారయ్యాయి: ‘బె’ పోలికకూ, ‘కె’ స్వరూపానికీ వచ్చాయి. అలాంటప్పుడు ‘బె’ మీద అంత బరువు మోపవచ్చా?

ఇంకొకటి. కొలొస్సయులకు 3:10లో నవీన స్వభావం దేవుని స్వరూపం చొప్పున నూతనపరచబడుతోందంటే, మనిషిలో ఆ స్వరూపం తగ్గిపోయిందనేగా అని క్లాసులో అడుగుతారు. విలువ తగ్గలేదని 9:6తో కలిపి ఎలా చెప్పాలి?