రాత్రి భోజనం చూడగానే తినాలనిపించాలంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. రాత్రి అందరం కలిసే తింటాం, కానీ ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, అన్నం అన్నీ ఒకేలా కనిపించి పిల్లలు కంచం చూడగానే మొహం తిప్పేస్తున్నారు. పెద్ద ఖర్చు లేకుండా దారి చెప్పండి.

జవాబు: కూర ఎంచుకునేటప్పుడే రంగు చూడండి అక్కా, పప్పు చేసిన రోజు పక్కన బీట్‌రూటో తోటకూరో ఉండాలి. తోటకూర మూతపెట్టి ఎక్కువసేపు ఉడికిస్తే పచ్చదనం పోతుంది. పోపు వడ్డించే ముందే వెయ్యండి, ఎండుమిరపకాయలు, కరివేపాకు పైన కనబడుతుంటే ఆ పప్పుకే కళ వస్తుంది.

జవాబు: మాది విజయనగరం. కుక్కరు, బాణలి తెచ్చి మధ్యలో పెట్టడం మానండి, సగం తేడా అక్కడే తెలుస్తుంది. మీ జిల్లాలోనే బుడితి ఊళ్లో చేసే ఇత్తడి సామాను ఉందిగా, అన్నానికి ఒక గిన్నె కొనుక్కోండి, తెల్లన్నం అందులో ఎంత బాగుంటుందో! పులుసు, చారు, పెరుగు మాత్రం కళాయి (లోపలి తగరం పూత) లేని ఇత్తడిలో వద్దు, పులుపు తగిలితే లోహం కూరలోకి దిగుతుంది.

జవాబు: ఆదివారం అడ్డాకు విస్తళ్లు వెయ్యండి. పిల్లల్నే వడ్డించమనండి, వాళ్లు వడ్డించింది వాళ్లే వద్దనరు.

ప్రశ్న అడిగినవారు: అత్తయ్యగారి ఇత్తడి గిన్నెలు అటక మీదే ఉన్నాయి. శ్రీకాకుళంలో కళాయి ఎక్కడ వేస్తారో తెలిస్తే చెప్పండి.