క్రాష్‌డయట్ లాంటి బ్యాండ్లు చేస్తున్నది పునరుద్ధరణా, అనుకరణా?

ప్రశ్న (విశాఖ బేస్):
నమస్కారం. నేను విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతూ, ముగ్గురు స్నేహితులతో కలిసి బ్యాండ్ మొదలుపెట్టే ప్రయత్నంలో ఉన్నాను. స్వీడన్ బ్యాండ్ క్రాష్‌డయట్ 2005లో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘రెస్ట్ ఇన్ స్లీజ్’ విన్నప్పటి నుంచి నాకు ఆ తరహా హార్డ్ రాక్ సంగీతమే వాయించాలని ఉంది. అయితే 1980లలో లాస్ ఏంజెలిస్‌లో పుట్టి అక్కడే ముగిసిపోయిన శైలిని, ఆ జుట్టుతో, ఆ తోలు దుస్తులతో సహా ఇరవై ఏళ్ల తరవాత తలకెత్తుకోవడం వేషం కట్టడమే అవుతుందని మా డ్రమ్మర్ గట్టిగా వాదిస్తున్నాడు. అతనికి ఏమని చెప్పాలి? ఈ రాక్‌లో గ్లామ్, స్లీజ్ అని పిలిచే రెండు ధోరణులకు అసలు తేడా ఏమిటి?

సమాధానం 1 (పాత క్యాసెట్లు):
‘అక్కడే పుట్టి అక్కడే ముగిసింది’ అన్న మాటలోనే పొరపాటు ఉందండీ. ఇదే తరహా సంగీతం వాయించిన హనోయ్ రాక్స్ అనే బ్యాండ్ 1979లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఏర్పడింది. అప్పటికి లాస్ ఏంజెలిస్ బ్యాండ్ మోట్లీ క్రూ ఇంకా పుట్టనేలేదు. 1984 డిసెంబరులో మోట్లీ క్రూ గాయకుడు విన్స్ నీల్ నడుపుతున్న కారు ప్రమాదానికి గురై హనోయ్ రాక్స్ డ్రమ్మర్ రాజిల్ మరణించాడు, ఆ మరుసటి ఏడాదే బ్యాండ్ చెదిరిపోయింది. అయినా లాస్ ఏంజెలిస్‌కే చెందిన గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్ వారు తమ సొంత లేబుల్ మీద హనోయ్ రాక్స్ ఆల్బమ్‌లను అమెరికాలో మళ్లీ విడుదల చేసి, తాము ఎవరి దగ్గర నేర్చుకున్నారో బహిరంగంగా చెప్పుకున్నారు. అందువల్ల స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ కుర్రవాడు ఈ సంగీతం వాయిస్తే, అది తన ఇరుగుపొరుగు నుంచి వచ్చిన వారసత్వమే అవుతుంది.

1991లో నిర్వాణా బ్యాండ్ ఆడంబరం లేని రాక్ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చాక అమెరికన్ కంపెనీలు ఈ శైలి నుంచి ముఖం తిప్పుకున్న మాట నిజం. స్వీడన్‌లో పురపాలక సంగీత పాఠశాలలు, యువతకు సాధన గదులు సమకూర్చే అధ్యయన సంఘాలు ఉండడం వల్ల, మార్కెట్ ఏమంటుందో చూసుకోకుండా నచ్చింది వాయించే వీలు అక్కడి పిల్లలకు దక్కింది. గాయకుడు డేవ్ లెపార్డ్ 2000లో క్రాష్‌డయట్‌ను ప్రారంభించింది ఈ శైలిని ఎవరూ పట్టించుకోని కాలంలో. తొలి ఆల్బమ్ వచ్చిన కొద్ది నెలలకే, 2006 జనవరిలో, అతను పాతికేళ్ల వయసులో కన్నుమూశాడు. మిగిలినవారు ఫిన్లాండ్ గాయకుడు ఒల్లీ హెర్మన్‌తో 2007లో రెండో ఆల్బమ్ తీసుకువచ్చారు. అందులోని పాటల రచనలో మోట్లీ క్రూ గిటారిస్ట్ మిక్ మార్స్ కూడా పాలుపంచుకున్నాడు. ఆ తరవాత కూడా గాయకులు మారుతూనే వచ్చారు, బ్యాండ్ మాత్రం ఆగలేదు. వేషం కోసం ఎవరూ ఇంత భరించరని నేను నమ్ముతాను.

సమాధానం 2 (మార్షల్ అభిమాని):
తేడా గురించి అడిగారు కాబట్టి గిటార్ వాయించేవాడిగా చెబుతాను. పాయిజన్ లాంటి గ్లామ్ బ్యాండ్లలో అంతా పల్లవి కోసమే ఉంటుంది: రాగం తేలికగా నోటికి ఎక్కాలి, వెనుక గొంతులు పొరలు పొరలుగా నిండుగా వినిపించాలి. స్లీజ్ అనేది న్యూయార్క్ డాల్స్, ఏరోస్మిత్ అనే అమెరికన్ బ్యాండ్ల నుంచి వచ్చిన బ్లూస్, పంక్ గరుకుదనం. ఫాస్టర్ పుస్సీక్యాట్, ఎల్.ఎ. గన్స్ వంటివారిలో గిటార్ కాస్త దురుసుగా, తాళం కాస్త తూగుతూ ఉంటుంది. క్రాష్‌డయట్‌లో నాకు నచ్చేది ఈ రెండూ కలవడమే. మీరు తీగలన్నిటినీ అర మెట్టు (గిటార్ మీద ఒక ఫ్రెట్ అంత) కిందికి శ్రుతి చేసి వాయించి చూడండి. ధ్వని బరువెక్కుతుంది, గాయకుడికి పై స్వరాలు కొంత సులువవుతాయి. పల్లవిలో నలుగురూ కలిసి అరిచినట్టు పాడడాన్ని మొదటి రోజు నుంచే సాధన చేయండి. ఈ శైలిలో చాలా కొత్త బ్యాండ్లు తేలిపోయేది గిటార్ సోలోలో కాదు, ఆ సామూహిక గానంలోనే.

సమాధానం 3 (సాహిత్యం ముఖ్యం):
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. ఆనాటి పాటల్లో చాలావాటిలో స్త్రీ ఒక వస్తువుగానే కనిపిస్తుంది, మత్తుపదార్థాలు ఘనకార్యంగా కనిపిస్తాయి. స్టీల్ పాంథర్ లాంటి బ్యాండ్లవారు దాన్ని హాస్యంగా మార్చుకున్నారు, అది వేరే దారి. మనస్ఫూర్తిగా వాయించాలనుకునేవారు ఆ ధ్వనిని తీసుకుని, మాటలు మాత్రం సొంత జీవితం నుంచి రాసుకోవాలి. ఇందుకు మన దేశంలోనే ఉదాహరణ ఉంది. సిక్కింలోని గాంగ్‌టక్‌లో 2009లో మొదలైన గిరీష్ అండ్ ది క్రానికల్స్ ఎనభైల హార్డ్ రాక్‌నే నమ్ముకుని, 2022 నాటి ‘హెయిల్ టు ది హీరోస్’ను ఇటలీకి చెందిన ఫ్రంటియర్స్ సంస్థ ద్వారా విడుదల చేసింది. గిరీష్ ప్రధాన్ గొంతు విన్నాక మీ డ్రమ్మర్ ఇంకా వేషమే అంటే, అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్నించినవారు (విశాఖ బేస్):
అందరికీ కృతజ్ఞతలు. హనోయ్ రాక్స్ సంగతి చెప్పగానే డ్రమ్మర్ మెత్తబడ్డాడు; జుట్టు సంగతి తరవాత చూద్దాం, ముందు పాటలు రాద్దాం అన్నాడు. ఈ ఆదివారం తీగలు అర మెట్టు దించి కూర్చుంటున్నాం. మొదటి పాట తెలుగులోనే రాయాలనుకుంటున్నాము. నలుగురూ కలిసి గొంతెత్తే పల్లవికి దీర్ఘాక్షరాలతో ముగిసే మాటలు బాగా అమరుతాయని నాకు అనిపిస్తోంది; అలా రాసిన అనుభవం ఎవరికైనా ఉంటే దయచేసి చెప్పండి.